ఐడల్ గ్రూపు చివరి కాన్సర్ట్‌కి జపాన్ వెళ్ళేవాళ్ళకి: లాటరీ, పెన్‌లైట్, బైనాక్యులర్, తిరుగు రైలు

గోదారిగట్టు:
జపాన్ ఐడల్ గ్రూపు అరాషీ 2025 మే 6న ప్రకటన చేసి, 2026 వసంతంలో టూరుతో ముగిస్తామని చెప్పినప్పటి నుంచి మన గుంపులో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది: ఇండియా నుంచి చివరి కాన్సర్ట్‌కి వెళ్ళడం అయ్యే పనేనా? ఏ గ్రూపుకైనా పనికొచ్చేలా ఒకచోట రాసుకుందాం. టికెట్‌తో మొదలుపెట్టండి. అనుభవ కథలు వద్దు, చెయ్యాల్సిన పనులు చెప్పండి చాలు.

సుయిదోబాషి:
అయ్యే పనే. కానీ ఈ టికెట్‌ని సినిమా టికెట్‌లా బుక్ చేసుకోలేం, లాటరీలో తగలాలి. వరస దాదాపు అన్ని గ్రూపులకీ ఇదే. ముందు ఫ్యాన్ క్లబ్ లాటరీ, తర్వాత సీడీలో వచ్చే సీరియల్ కోడ్ లాటరీ, ఆ తర్వాత అధికారిక సైటు లాటరీ, టికెట్ పియా, ఈప్లస్, లాసన్ టికెట్ లాంటి ప్లేగైడ్ల (టికెట్లు అమ్మే సంస్థల) లాటరీలు, ఆఖర్న జనరల్ సేల్. మామూలు టూర్‌లో మూడో నాలుగో రౌండ్లో కూడా ఆశ ఉంటుంది. చివరి కాన్సర్ట్‌కి మాత్రం ఎక్కువ సీట్లు ఫ్యాన్ క్లబ్ రౌండ్లోనే వెళ్ళిపోతాయి, జనరల్ సేల్‌కి మిగిలేది నామమాత్రం. అందుకని ప్రకటన వచ్చిన రోజే ఫ్యాన్ క్లబ్ నియమాలు చదవండి. ఫలానా తేదీకల్లా సభ్యులైనవాళ్ళే అర్హులు అనే షరతు తరచూ ఉంటుంది. సభ్యత్వ రుసుము చెల్లించి నమోదు పూర్తయ్యేదాకా సభ్యుల లెక్కలోకి రారు, అది కూడా గుర్తుంచుకోండి.

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది టైముతో. జపాన్ మనకంటే 3 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అక్కడ ఉదయం 10కి అమ్మకం మొదలంటే ఇక్కడ తెల్లవారి 6:30. అక్కడ 23:59కి గడువు ముగుస్తుందంటే ఇక్కడ రాత్రి 8:29. అర్ధరాత్రి దాకా టైముందనుకుని భోంచేసి కూర్చునేవాళ్ళకి అప్పటికే తలుపు మూసేసి ఉంటుంది. ఒక్కో రౌండుకీ మూడు తేదీలు రాసిపెట్టుకోండి: దరఖాస్తు గడువు, ఫలితం, డబ్బు కట్టే గడువు. మూడోది సాధారణంగా రెండు మూడు రోజులే. దాటితే తగిలిన టికెట్ కూడా పోతుంది. కొన్ని గ్రూపులు దాన్ని సభ్యుడి రికార్డులో కూడా వేస్తాయి.

రెండు మూడు రోజులు వరసగా ప్రదర్శనలుంటే ఆఖరి రోజుకే అందరూ ఎగబడతారు. ముందు రోజుకి తగిలే అవకాశం ఎక్కువ. పాటల జాబితాలో చాలా భాగం ఒకటే ఉంటుంది, చివరి మాటలూ అదనపు ఎంకోరూ (అయిపోయాక మళ్ళీ వచ్చి పాడే పాటలు) మాత్రం ఆఖరి రోజువే. వెళ్ళడమే ముఖ్యమనుకుంటే మొదటి ఛాయిస్ ఏ రోజు పెట్టాలో ఆలోచించుకోండి. ఒకే పేరు మీద రెండు ఖాతాలతో పెడితే రెండూ రద్దయ్యే ప్రమాదం ఉంది, ఆ పని చెయ్యకండి.

గోదారిగట్టు:
ఫోన్ నంబర్ సంగతేంటి? చాలా సైట్లు జపాన్ నంబరే అడుగుతున్నాయి.

కుడాన్‌షితా:
అదే పెద్ద అడ్డం. 070, 080, 090తో మొదలయ్యే నంబర్‌కి ఎస్సెమ్మెస్ పంపి, లేదా ఆ నంబర్ నుంచి కాల్ చేయించి ధ్రువీకరిస్తారు. టూరిస్టులకి అమ్మే ఈసిమ్‌లలో ఎక్కువ భాగం డేటాకే, వాటికి నంబర్ ఉండదు. టూరిస్టులకి వాయిస్ నంబర్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. కొనేముందు "వాయిస్, ఎస్సెమ్మెస్ రెండూ ఉన్నాయా, ఇండియాలో ఉండగా ఎస్సెమ్మెస్ అందుతుందా" అని అడగాలి. ఎలక్ట్రానిక్ టికెట్ యాప్ ఆ నంబర్‌కే కట్టుబడి ఉంటుంది. దరఖాస్తు ఒక నంబర్‌తో పెట్టి, ప్రదర్శన రోజు ఇంకో సిమ్‌తో వెళ్తే టికెట్ తెరుచుకోదు. దరఖాస్తు నుంచి గేటు దాకా ఒకే నంబర్, వీలైతే ఒకే ఫోన్.

కొన్ని గ్రూపులు విదేశీ అభిమానులకి వేరే లాటరీ పెడతాయి, టికెట్ అమ్మే సంస్థల విదేశీ పేజీల్లో. అక్కడ జపాన్ నంబర్ అక్కర్లేదు, పాస్‌పోర్ట్ పేరు చాలు. సీట్లు తక్కువ, ప్రకటన కూడా ఆలస్యంగా వస్తుంది. అది వస్తుందన్న నమ్మకంతో ఫ్యాన్ క్లబ్ రౌండ్ వదిలెయ్యొద్దు.

కార్డు విషయం: మన బ్యాంకు కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీల స్విచ్ మనమే ఆన్ చేసుకోవాలి, పరిమితి కూడా పెంచుకోవాలి. తగిలిన వెంటనే ఆటోమేటిగ్గా డబ్బు తీసుకునే పద్ధతిలో కార్డు తిరస్కరణకి గురైతే టికెట్ రద్దవుతుంది. ఓటీపీ వచ్చే ఇండియా సిమ్ అప్పుడు పనిచేస్తూ ఉండాలి. జపాన్‌లో నమ్మకమైన మనిషి ఉంటే కన్వీనియన్స్ స్టోర్ చెల్లింపు ఎంచుకోవడం క్షేమం. ఒక కోడ్ పంపితే వాళ్ళు లాసన్‌లోనో ఫ్యామిలీమార్ట్‌లోనో కట్టేస్తారు.

రాయలసీమ_ఒషి:
పేరు గురించి ఒక ప్రశ్నండి. మనవాళ్ళలో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. జపాన్ ఫారాల్లో రెండు గడులూ తప్పనిసరి. ఏం రాయాలి?

కుడాన్‌షితా:
పాస్‌పోర్ట్‌లో ఉన్న మాటల్నే, ఉన్న వరసలోనే రెండుగా విడగొట్టండి. కొత్తగా ఏదీ చేర్చకండి, పొట్టి పేరు పెట్టకండి, ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించకండి. గేటు దగ్గర సిబ్బంది చూసేది టికెట్ మీది అక్షరాలూ పాస్‌పోర్ట్ మీది అక్షరాలూ ఒకటేనా, ఫోటో మీదేనా అని. కటకానా (విదేశీ పేర్లు రాసే జపాన్ లిపి) గడిలో ఉచ్చారణ దగ్గరగా ఉంటే చాలు, కానీ ఫ్యాన్ క్లబ్‌లోనూ టికెట్ సైట్‌లోనూ ఒకేలా ఉండాలి. దరఖాస్తు తర్వాత పేరు మార్చడం కుదరదు కాబట్టి అనుమానం ఉంటే ముందే ఫ్యాన్ క్లబ్ సంప్రదింపు ఫారంలో అడిగి, వాళ్ళ జవాబు దాచుకోండి. మీతో వచ్చే తోడు మనిషి పేరుకీ ఇదే నియమం. చాలా గ్రూపులు తోడు వచ్చేవాళ్ళని కూడా దరఖాస్తులోనే నమోదు చెయ్యమంటాయి, కొన్ని వాళ్ళూ సభ్యులై ఉండాలంటాయి.

రాయలసీమ_ఒషి:
లాటరీ తగలకపోతే ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చా? ఎన్నో రెట్లకి అమ్ముతున్నారు, డబ్బు సర్దుకునేవాళ్ళు ఉన్నారు.

సుయిదోబాషి:
వద్దు. ఖర్చు ఎక్కువని కాదు, లోపలికి వెళ్ళలేకపోవచ్చని. అక్రమ రీసేల్ నిషేధ చట్టం 2019 జూన్ 14 నుంచి అమల్లో ఉంది. పేరు నమోదై, రీసేల్ వద్దని రాసి ఉన్న టికెట్‌ని అసలు ధర కంటే ఎక్కువకి వ్యాపారంగా అమ్మితే ఏడాది దాకా జైలు, 10 లక్షల యెన్ల దాకా జరిమానా, లేదా రెండూ. శిక్ష అమ్మేవాడికైనా, ఆ టికెట్‌ని నిర్వాహకులు రద్దు చేస్తే నష్టం గేటు దగ్గర నిలబడ్డవాళ్ళది. విమానం టికెట్, హోటల్, వీసా అన్నీ అయ్యాక వెనక్కి తిరగాల్సి వస్తుంది.

దారి ఒకటే, అధికారిక రీసేల్. రాలేనివాళ్ళు అసలు ధరకి టికెట్ వెనక్కిస్తే మళ్ళీ లాటరీ వేస్తారు. ప్రదర్శనకి రెండు మూడు వారాల ముందు నుంచి దాదాపు ముందు రోజు దాకా నడుస్తుంది, రోజూ చూడాలి. దీంతోపాటు స్టేజీ కట్టేశాక మిగిలే సీట్లు ఉంటాయి. కెమెరాలకీ సౌండ్ బల్లకీ ముందు అట్టిపెట్టి తర్వాత వదిలేసినవి, స్టేజీ పక్క నుంచి కొంతే కనిపించేవి. ఇవి ఆఖరి వారంలో హఠాత్తుగా వస్తాయి. తెర కనిపించకపోవచ్చని నోటీసులో రాస్తారు. కానీ పక్క సీటు అంటే స్టేజీకి దగ్గర అని కూడా. నిజమైన అభిమానికి నా దృష్టిలో రెండో అంతస్తు ఎదురు సీటు కన్నా ఇదే నయం.

స్టాండ్_రెండో_అంతస్తు:
ఒప్పుకోను సుయిదోబాషి గారూ. చివరి కాన్సర్ట్‌లో చూడాల్సింది స్టేజీ ఒక్కటే కాదు, హాలంతా వెలిగే రంగులు కూడా. పై అంతస్తు ఎదురు సీటు నుంచే అది పూర్తిగా కనబడుతుంది. ఏది కావాలో ముందే తేల్చుకుంటే సీటు మీద దిగులుండదు.

సీట్ల పేర్లతో జాగ్రత్త. యోకోహామా అరీనాలో "అరీనా సీటు" అంటే నేల మీదిది కాదు, మొదటి స్టాండు. నేల మీదివి "సెంటర్" సీట్లు. టోక్యోలోని బుదోకాన్ హాల్లో, డోముల్లో (పైకప్పున్న పెద్ద స్టేడియాల్లో) అరీనా అంటే నేలే. నేల సీట్లకి మెట్లు ఉండవు, ముందు పొడుగు మనిషి నిలబడితే కనబడేది అతని వీపే. స్టాండు మొదటి వరసల పక్క నుంచి మెంబర్లు ఎక్కిన ట్రాలీ బండ్లు వెళ్ళే టూర్లలో ఆ వరసలే అదృష్టం. చాలా ఎలక్ట్రానిక్ టికెట్లలో సీటు నంబర్ ప్రదర్శన రోజు గేటు దగ్గర కోడ్ చదివించాకే తెలుస్తుంది.

బైనాక్యులర్ గురించి. పెట్టె మీద 8x21, 10x32 అని ఉంటుంది. మొదటిది ఎన్ని రెట్లు, రెండోది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది మన కంట్లో పడే వెలుగు వృత్తం. 10x21 అయితే 2.1 మిల్లీమీటర్లే, చీకటి హాల్లో ముఖం బొగ్గులా కనబడుతుంది. 8x32 అయితే 4 మిల్లీమీటర్లు, హాయిగా ఉంటుంది. బుదోకాన్ అంత హాలుకి 8 రెట్లు చాలు. టోక్యో డోమ్ రెండో అంతస్తుకి 10 నుంచి 12 కావాలి, కానీ 10 దాటితే చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది. వణుకు ఆపే యంత్రం ఉన్నవి విక్సెన్, కెంకో కంపెనీలు అమ్ముతాయి, ఖరీదైనవి. జపాన్‌లో వాటిని అద్దెకిచ్చే సేవలున్నాయి, హోటల్‌కే పంపిస్తారు. చివరి కాన్సర్ట్‌కి తేదీ దగ్గరపడే కొద్దీ అద్దెవీ అయిపోతాయి.

ఇంకో చిన్న విషయం. కన్నీళ్ళు వస్తాయి, మాస్క్ కూడా ఉంటే ఊపిరి పైకి తన్ని అద్దాలు మసకబారుతాయి. మాస్క్ ముక్కు తీగని గట్టిగా నొక్కండి, కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ జేబులో ఉంచండి. చేతి రుమాలు అద్దం మీద నూలు వదులుతుంది.

నీలిపెన్‌లైట్:
పెన్‌లైట్, అంటే పాటలప్పుడు చేత్తో ఊపే రంగు లైటు, దాని సంగతి నేను చెబుతా. ముందు రెండు రకాలు వేరు చేసుకోండి. ఒకటి నిర్వాహకులే రేడియోతో రంగు మార్చే అధికారిక లైటు. లోపలికి వెళ్ళాక సీటుకి నమోదు చేసుకోవాల్సి ఉంటే ఆ పని చెయ్యకపోతే మీ ఒక్కరి లైటూ తప్పు రంగులో మిగిలిపోతుంది. పాత టూరు లైటు కొత్త సిగ్నల్ అందుకుంటుందో లేదో నోటీసు చూడండి. రెండోది మన చేత్తో రంగు మార్చేది, కింగ్‌బ్లేడ్ లాంటిది. అది ఒప్పుకుంటారా, పొడవు ఎంత దాకా అన్నది ఒక్కో గ్రూపుకీ వేరు.

ప్రదర్శన మధ్యలో రంగు చెడిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. ఎరుపు ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు, నీలానికీ తెలుపుకీ 3 దాకా కావాలి. బ్యాటరీ నీరసించగానే ముందు నీలం చస్తుంది. తెలుపు గులాబీలోకి, ఊదా ఎరుపులోకి జారుతుంది. మీరు ఊదా రంగు మెంబర్ కోసం ఊపుతున్నాననుకుంటారు, స్టేజీ మీంచి చూస్తే ఎరుపు. ఒక్కో మెంబర్‌కీ ఒక రంగు ఉంటుంది; అరాషీలో ఊదా మత్సుమోతోది, ఎరుపు సకురాయిది, ఇలాంటి చోట ఆ తేడా ఎంతో తెలుస్తుంది. ఎల్‌ఆర్44 బటన్ బ్యాటరీల కంటే మూడు ఏఏఏ వేసే లైటు ఎక్కువసేపు నిలకడగా వెలుగుతుంది. ఆ రోజు ఉదయం మూడూ కొత్తవి వెయ్యండి, కొత్త పాత కలపొద్దు. ఒక సెట్టు అదనంగా ఉంచుకుని, చీకట్లో మార్చడం హోటల్లోనే సాధన చెయ్యండి. చిన్న స్క్రూ ఉన్న మూత అయితే స్క్రూడ్రైవర్ లోపలికి రానివ్వకపోవచ్చు, నాణెంతో తెరుచుకునేది కొనండి.

విరిచి వెలిగించే నారింజ కెమికల్ స్టిక్ సుమారు 5 నిమిషాలే బాగా వెలుగుతుంది. పాట మొదటి వాయిద్యంతో విరవాలి, ముందే విరిస్తే అసలు పల్లవికి ఆరిపోతుంది. చాలా గ్రూపులు దాన్ని నిషేధించాయి కూడా.

ఉచివా_తయారీ:
పేరు రాసిన విసనకర్ర, అంటే ఉచివా తీసుకెళ్ళేవాళ్ళకి. అరాషీ ఏజెన్సీకి జానీస్ అని పేరున్న కాలం నుంచీ నడుస్తున్న కొలత నిలువు 28.5, అడ్డం 29.5 సెం.మీ. లోపు, పిడి కాకుండా. పట్టుకునేది ఛాతీ ఎత్తుకే. తల మీదికెత్తితే వెనకవాళ్ళకి స్టేజీ పోతుంది, సిబ్బంది వచ్చి దించమంటారు.

దైసో అనే చవక వస్తువుల దుకాణాల్లో నల్లటి పెద్ద ఉచివా, రంగు రంగుల అతికించే షీట్లు దొరుకుతాయి. ఒక వైపు నాలుగైదు అక్షరాలకి మించొద్దు. లావుపాటి అక్షరం ముద్రించి, ఫ్లోరసెంట్ పసుపు లేదా గులాబీ షీటు మీద కత్తిరించండి. దాని కింద 3 మిల్లీమీటర్ల తెల్ల అంచు, దాని కింద ఇంకా వెడల్పుగా మెంబర్ రంగు అంచు. షీటు వెనక వైపు గీసి కోసేవాళ్ళు అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి ముద్రించాలి, లేకపోతే తిరగబడుతుంది. నిగనిగలాడే షీటు కొనకండి. స్టేజీ లైటు పడితే అక్షరం తెల్లగా కొట్టుకుపోతుంది. మెరిసే హోలోగ్రామ్ కాగితాలు కెమెరాలకి అడ్డమని చాలాచోట్ల నిషేధం. ఊచల మీద షీటు బుడగలు కట్టకుండా మధ్య నుంచి అంచులకి పాత ఏటీఎం కార్డుతో నొక్కుకుంటూ అతికించండి. జిగురు వాడితే తేమకి అంచులు లేస్తాయి.

చివరి కాన్సర్ట్‌కి "చెయ్యి ఊపు", "వేలు చూపు" లాంటి కోరికలు రాయడం తప్పు కాదు. కానీ రెండో వైపు కృతజ్ఞత మాట ఒకటి ఉంచితే ఆఖరి పాటలో తిప్పి పట్టుకోవచ్చు.

పాతటేపు:
అభిమానులు కలిసి చేసే ఏర్పాట్లకి పెద్ద చరిత్ర ఉంది. క్యాండీస్ అనే ఐడల్ గ్రూపు ముగ్గురూ 1978 ఏప్రిల్ 4న కొరాకుఎన్ స్టేడియంలో వీడ్కోలు చెప్పినప్పుడు 55 వేలమంది వచ్చారు, రంగు కాగితపు టేపులు విసిరారు. ఆ టేపు లోపలి గట్టి గుండ్రాన్ని ముందే తీసెయ్యడం అప్పటి పద్ధతి, స్టేజీ మీదివాళ్ళకి తగలకుండా. ఆ స్టేడియం పక్కనే 1988లో టోక్యో డోమ్ లేచింది. 2023 జూన్ 29న బిష్ అనే గ్రూపు ముగింపు కూడా ఆ డోమ్‌లోనే. ఇప్పుడు విసరడం ఎక్కడా ఒప్పుకోరు, దాని స్థానంలోకి పెన్‌లైట్ ఏర్పాట్లు వచ్చాయి. ఫలానా పాటకి హాలంతా ఒకే రంగు.

అలాంటి ఏర్పాటు పనిచెయ్యాలంటే చీటీలో మూడే ఉండాలి: ఏ పాట, ఏ మాట దగ్గర వెలిగించాలి, ఏ రంగు. "ఎంకోర్ తర్వాత" అని రాస్తే కొంతమంది చప్పట్లప్పుడే వెలిగిస్తారు. పంచడానికి ముందు నిర్వాహకుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అనుమతి లేకుండా సీట్ల మీద పెట్టినవి తలుపులు తెరిచేలోపే తీసేస్తారు. చీటీ అందినవాళ్ళు నచ్చినా నచ్చకపోయినా ఆ ఒక్క పాటకి కలవండి. స్టేజీ మీదివాళ్ళు ఆ రంగుని చూసే అవకాశం మళ్ళీ రాదు.

పూల స్టాండ్లు పంపాలనుకునేవాళ్ళూ ముందు నోటీసు చూడాలి. స్థలం లేదని పెద్ద హాళ్ళలో తరచూ తీసుకోరు. ఉత్తరాలు మాత్రం దాదాపు ఎప్పుడూ తీసుకుంటారు, తినే వస్తువులు తీసుకోరు.

గోదారిగట్టు:
కాల్స్, అంటే పాటల మధ్య అభిమానులు అరిచే మాటల గురించి ఎవరైనా రెండు ముక్కలు?

నీలిపెన్‌లైట్:
ఆ గ్రూపు పాత లైవ్ వీడియోలు విని, వాళ్ళ అభిమానులు ఏం అరుస్తారో అదే నేర్చుకోండి. "టైగర్, ఫైర్, సైబర్..." అంటూ సాగే మిక్స్ అనే అరుపు ఏకేబీ48 గ్రూపుల వైపు మామూలు, హలో ప్రాజెక్ట్ గ్రూపుల వైపు అంతగా వినబడదు. ఎంకోర్‌కి "ఎంకోర్" అని కాకుండా గ్రూపు పేరో మెంబర్ పేరో పిలవడం చివరి రోజు సహజం, చుట్టూ వినండి, అది పట్టుకోండి. నెమ్మది పాటల్లో, మెంబర్లు మాట్లాడేటప్పుడు నిశ్శబ్దం. ఒకరు ఏడుస్తూ ఆగిపోయినప్పుడు మధ్యలో పేరు అరిచే అలవాటుని నేను అస్సలు సమర్థించను. ఆ మాట పూర్తి కానివ్వాలి.

సుయిదోబాషి:
ప్రయాణం. పర్యాటక వీసా సింగిల్ ఎంట్రీ అయితే జారీ అయిన మూడు నెలల్లోపు జపాన్‌లో అడుగుపెట్టాలి, మరీ ముందు తీసుకుంటే చెల్లదు. హోటల్ మాత్రం తేదీ ప్రకటించిన రోజే, ఉచితంగా రద్దు చేసుకునే రకం తీసుకోండి. లాటరీ ఫలితం వచ్చాక వెతికితే డోమ్ చుట్టూ ధరలు ఎగిరిపోయి ఉంటాయి. హైదరాబాద్ నుంచి టోక్యోకి నేరుగా విమానం లేదు. బెంగళూరు నుంచి నరితాకీ, ఢిల్లీ నుంచి హనెదాకీ ఉన్నాయి. లేదా బ్యాంకాక్, సింగపూర్ మీదుగా. కనీసం రెండు రోజుల ముందు దిగండి.

టోక్యో డోమ్‌కి సుయిదోబాషి, కొరాకుఎన్, కసుగా మూడు స్టేషన్లు. అందరూ సుయిదోబాషికే పరుగెడతారు, తిరిగొచ్చేటప్పుడు కసుగా వైపు నడవడం తేలిక. డోమ్ పైకప్పు లోపలి గాలి ఒత్తిడితో నిలబడుతుంది, అందుకే బయటికొచ్చే తలుపు దగ్గర గాలి ఒక్కసారిగా వెనక నుంచి తోస్తుంది. చేతిలో ఉచివా, టోపీ ఉంటే గట్టిగా పట్టుకోండి. పెద్ద సూట్‌కేసులు లోపలికి రావు, దగ్గర్లోని లాకర్లు మధ్యాహ్నానికే నిండిపోతాయి, సామాను హోటల్లోనే వదలండి.

ముగిశాక అందరినీ ఒకేసారి వదలరు. బ్లాకుల వారీగా పిలుస్తారు, ఆఖరి బ్లాకులకి అరగంట పైనే పడుతుంది. చివరి కాన్సర్ట్ అంటే ప్రసంగాలూ అదనపు ఎంకోర్లూ కలిసి మామూలు కంటే సాగుతుంది. ఒసాకాలోనో నగోయాలోనో ప్రదర్శన చూసి అదే రాత్రి టోక్యో చేరాలనుకోకండి. షిన్-ఒసాకా నుంచి టోక్యోకి ఆఖరి షింకాన్‌సెన్ (బులెట్ రైలు) రాత్రి తొమ్మిదిన్నర లోపే వెళ్ళిపోతుంది. ఆ రైలు కోసం ఆఖరి పాట వదిలి లేచేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు. ఆ రాత్రికి అక్కడే గది తీసుకోండి.

రాయలసీమ_ఒషి:
టికెట్ ఏ దారిలోనూ రాకపోతే?

స్టాండ్_రెండో_అంతస్తు:
జపాన్ సినిమా హాళ్ళలో తరచూ ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది, పెన్‌లైట్ ఊపనిస్తారు, దానికీ సాధారణంగా లాటరీయే. ఆన్‌లైన్ ప్రసారం ఉంటే ఇండియాలో పనిచేస్తుందా అన్నది కొనేముందే చూడండి. కెయాకిజాకా46 అనే గ్రూపు 2020 అక్టోబర్ 12, 13 తేదీల్లో చివరి లైవ్‌ని ప్రేక్షకులు లేకుండా ఆన్‌లైన్‌లోనే ఇచ్చింది. అక్కడ సాయంత్రం 6కి మొదలైతే మనకి మధ్యాహ్నం 2:30, ఆఫీసు రోజైతే సెలవు పెట్టుకోవాలి. టికెట్ లేకుండా హాలు బయట నిలబడి పాట వినడానికి పోగవ్వొద్దని నిర్వాహకులే చెబుతారు, ఆ మాట పాటించండి.

కుడాన్‌షితా:
అందరూ మర్చిపోయేది ఒకటుంది. గ్రూపు ముగిశాక ఫ్యాన్ క్లబ్ కొన్నాళ్ళకి మూతపడుతుంది. సభ్యుల వీడియోలు, బ్లాగులు, మొబైల్ సందేశాలు ఆ తేదీ తర్వాత తెరుచుకోవు. ముగింపు తేదీల నోటీసు వేరుగా వస్తుంది, కాన్సర్ట్ హడావిడిలో కళ్ళపడదు. నియమాలు ఒప్పుకున్నంత మేర దాచుకోదగ్గవి ముందే దాచుకోండి. వస్తువుల ఆర్డర్‌కీ ఇంతే. హాలు దగ్గర అమ్మకానికి టైము రాసిన చీటీ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఒక్కొక్కరికి ఇన్నే అన్న పరిమితి ఉంటుంది, లైటూ తువ్వాలూ మొదట అయిపోతాయి. తర్వాత ఆర్డర్ మీద తయారుచేసి పంపే అమ్మకం ఒకటి పెడతారు. డెలివరీ రెండు మూడు నెలల తర్వాత, జపాన్ చిరునామాకే. అక్కడినుంచి ఇండియాకి పంపే ఫార్వర్డింగ్ సంస్థలో ఖాతా ముందే తెరిచి, గది నంబర్‌తో సహా ఆ చిరునామా సరిగ్గా నింపండి. బ్యాటరీ ఉన్న పెన్‌లైట్ అంతర్జాతీయ పార్సిల్‌లో ఆగిపోవచ్చు, లైటు మాత్రం హాలు దగ్గరే కొనుక్కోండి.